కదలని మోడల్ రైలింజన్‌ను నడిపించేదెలా: విప్పకముందు చూడాల్సినవి, విప్పాక చేయాల్సినవి

"ఇంజన్ పట్టాల మీద పెట్టాం, నాబ్ తిప్పాం, కనీసం లైటు కూడా వెలగట్లేదు, ఏం చేయాలి?" పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, ఇక్కడ బరంపురంలో మా వీధి చివరి ఇంటి నుంచి కూడా ఇదే ప్రశ్న, ఇంచుమించు ఇవే మాటల్లో. ఫోన్‌లో చెబుతుంటే సగం దగ్గరే ఆగిపోతోంది, ఎందుకంటే అవతలివాళ్లు అప్పటికే బాడీ ఊడదీసి, రెండు స్క్రూలు పోగొట్టుకుని, ఆ తర్వాత ఫోన్ చేస్తున్నారు. అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెబుతాను. ఇంజన్ కదలకపోతే తప్పు ఇంజన్‌దే అనుకోవద్దు. కరెంటు గోడ ప్లగ్గు దగ్గర బయల్దేరి కంట్రోలర్, వైరు, పట్టా, చక్రం, చక్రం నుంచి కరెంటు అందుకునే పికప్ రేకు మీదుగా మోటారు చేరి, రెండో పట్టా మీదుగా వెనక్కి రావాలి. ఈ దారిలో ఎక్కడో ఒక చోట తెగింది. గోడ వైపు నుంచి ఒక్కో అడుగే వేసుకుంటూ రండి, ఇంజన్‌ను ఆఖరున పట్టుకోండి. నా దగ్గరికి వచ్చిన "చచ్చిపోయిన" ఇంజన్లలో చాలావాటికి స్క్రూడ్రైవర్ పెట్టాల్సిన అవసరమే రాలేదు.

## 1. ముందు బల్ల సర్దుకోండి

మంచం మీద, దుప్పటి మీద ఈ పని చేయొద్దు. దుప్పటి నూలుపోగులు చక్రాల ఇరుసులకు చుట్టుకుంటాయి, చిన్న స్ప్రింగ్ పడితే ఇక దొరకదు. బల్ల మీద తెల్లటి తువ్వాలు పరచండి, అంచులున్న స్టీలు పళ్లెం ఒకటి పక్కన పెట్టుకోండి.

కావాల్సినవి:

- మామూలు డిజిటల్ మల్టీమీటర్. ఎలక్ట్రికల్ షాపులో దొరికే చవకది చాలు. గోడ ప్లగ్గుకు వాడే టెస్టర్ ఈ పనికి రాదు.
- 12 వోల్టుల, 5 వాట్ల చిన్న బల్బు, బైకు పార్కింగ్ లైటుకు వాడేది. దానికి రెండు వైర్లు అతికించి పెట్టుకోండి. ఎందుకో నాలుగో భాగంలో చెబుతాను.
- 9 వోల్టుల చదరపు బ్యాటరీ, దాని క్లిప్పు. ఆల్కలైన్‌దే తీసుకోండి, చవక బ్యాటరీ ఇంజన్‌ను లాగలేదు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, పాత నూలు చీర ముక్క, టిష్యూ కాగితం.
- వాచీ రిపేరు చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, ట్వీజర్లు.
- కొబ్బరి చీపురు పుల్లలు నాలుగు, కొన సన్నగా చెక్కినవి.
- పెద్ద పారదర్శకమైన పాలిథిన్ కవరు ఒకటి.
- ప్లాస్టిక్‌ను తినని మోడల్ ఆయిల్, గ్రీజు.

ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. దీపం, అగరొత్తి దగ్గర లేకుండా, కిటికీ తెరిచి వాడండి.

పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం ఇంజన్ దరిదాపుల్లోకి రానీయొద్దు. ప్లాస్టిక్ కరిగితే దాన్ని వెనక్కి తేలేం.

## 2. మీ ఇంజన్ ఏ రకమో తేల్చుకోండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత చేసేదంతా వృథా అవుతుంది. రకాలు మూడు.

మొదటిది మామూలు డీసీ, అనలాగ్ అంటారు. పట్టాల్లో 0 నుంచి 12 వోల్టుల డీసీ వస్తుంది, నాబ్ తిప్పిన కొద్దీ వేగం పెరుగుతుంది, ప్లస్, మైనస్ తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. రెండోది డీసీసీ, అంటే డిజిటల్. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, ఇంజన్‌లో ఉన్న డీకోడర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే వింటుంది. మూడోది మార్క్‌లిన్ అనే జర్మన్ కంపెనీ వాళ్ల హెచ్‌ఓ సైజు మూడు పట్టాల పద్ధతి. ఇందులో మధ్యలో వరసగా చిన్న మేకుల్లాంటివి ఉంటాయి, ఇంజన్ అడుగున ఉన్న పొడవాటి పట్టీ వాటిని రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. ఈ ఇంజన్‌ను మామూలు రెండు పట్టాల మీద పెడితే కదలదు. దాని చక్రాలు రెండు వైపులా కలిసే ఉంటాయి కాబట్టి పట్టాల మధ్య షార్ట్ కూడా అవుతుంది.

సైజు కూడా చూసుకోండి. హెచ్‌ఓ అంటే 1:87, ఓఓ అంటే 1:76, రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. ఎన్ స్కేలు 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు.

డీకోడర్ లేని డీసీ ఇంజన్‌ను డీసీసీ పట్టాల మీద నిలబెట్టొద్దు. గుయ్యిమని చప్పుడు చేస్తూ మోటారు వేడెక్కుతుంది. అందులో కోర్‌లెస్ మోటారు (తిరిగే తీగచుట్ట లోపల ఇనుము లేని సున్నితమైన రకం) ఉంటే త్వరగా కాలిపోతుంది.

## 3. కరెంటు పెట్టె: మొదటి అనుమానం దీని మీదే

మన వైపు ఇళ్లల్లోకి ఈ సెట్లు ఎక్కువగా బంధువుల సూట్‌కేసుల్లో వస్తాయి. అమెరికా నుంచి బాబాయి తెచ్చాడనో, మా అక్కావాళ్లు పంపారనో చెబుతారు. అక్కడే పెద్ద ప్రమాదం. అమెరికా సెట్టులో వచ్చే పవర్ ప్యాక్ 120 వోల్టులకు చేసింది, జపాన్‌ది 100 వోల్టులకు. మన గోడలో ఉన్నది 230. పిన్ను మార్చే అడాప్టర్ తగిలించి పెడితే పిన్ను సరిపోతుంది, వోల్టేజీ సరిపోదు, ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది.

అందుకే ప్లగ్గు పెట్టేముందు పెట్టె అడుగున అచ్చు వేసి ఉన్నది చదవండి. "ఇన్‌పుట్" పక్కన 100 నుంచి 240 అని ఉంటే భయం లేదు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. లేదా ఆ పెట్టెను పక్కన పెట్టేసి, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్, దానికి ముందుకు వెనక్కి నడిపే స్విచ్ ఉన్న డీసీ స్పీడ్ కంట్రోలర్ కొనుక్కోవడం మేలు. అప్పటికే కాలిన వాసన వచ్చిందా? ఆ పెట్టె విప్పొద్దు, మళ్లీ ప్లగ్గు పెట్టొద్దు. 230 వోల్టులతో ప్రయోగాలు వద్దు.

పెట్టె బాగానే ఉందనిపిస్తే:

1. పట్టాలకు వెళ్లే రెండు వైర్లు కంట్రోలర్ దగ్గరే ఊడదీయండి.
2. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఆ రెండు టెర్మినళ్ల మీద పిన్నులు ఆనించండి.
3. నాబ్ మెల్లగా తిప్పండి. సున్నా నుంచి 12 దగ్గరికి చేరాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకాలు లోడు లేనప్పుడు 16 దాకా చూపిస్తాయి, అది తప్పు కాదు.
4. దిశ మార్చే స్విచ్ నొక్కితే అంకె ముందు మైనస్ గుర్తు రావాలి.

చాలా పెట్టెల్లో "ఏసీ" అని రాసిన మరో జత టెర్మినళ్లు ఉంటాయి, పాయింట్లకీ (పట్టా చీలే చోట దారి మార్చేవి) దీపాలకీ అవి. పట్టాల వైర్లు పొరపాటున వాటికి బిగిస్తే ఇంజన్ నిలబడి వణుకుతుంది, లేదా మోటారు వేడెక్కుతుంది. ఇది నేను రెండు చోట్ల చూశాను.

పెట్టె ఒంటరిగా 12 చూపిస్తూ, వైర్లు కలపగానే సున్నాకు పడిపోతే పట్టాల మీద ఎక్కడో షార్ట్ ఉంది. పెట్టె తనను తాను కాపాడుకుంటోంది, అంతే.

## 4. పట్టాలు: ఎక్కువ కేసులు ఇక్కడే దొరుకుతాయి

పట్టాల మీద ఉన్నవన్నీ తీసేయండి. ఇంజన్, రైలు పెట్టెలు, పిల్లలు పెట్టిన బొమ్మలు, స్క్రూలు, గుండుసూదులు. షార్ట్ పోయిందేమో చూడండి. పోతే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ రండి, ఏది పెట్టగానే కరెంటు ఆగిందో అదే దోషి. లోహపు చక్రాలున్న రైలు పెట్టెల్లో ఒక్కోసారి ఇరుసుకు చక్రాలు తిరగేసి బిగించి ఉంటాయి, అవి కూడా షార్ట్ చేస్తాయి.

షార్ట్ లేదు, అయినా కదలట్లేదంటే ముందు పాయింట్లు చూడండి. పట్టా రెండుగా చీలే చోట ఉండే పాయింట్లలో చాలా రకాలు తాము తెరిచిన దారికే కరెంటు పంపుతాయి. పక్క లైనులో ఇంజన్ నిలబడి ఉంది, పాయింటు మెయిన్ లైనుకు కొట్టి ఉంది, ఇంజన్ కదలదు. అది రిపేరు కాదు, దాని తీరే అంత. పాయింటు మార్చి చూడండి. పాయింటు కదిలే నాలుక పక్క పట్టాకు గట్టిగా ఆనుతోందో లేదో కూడా దగ్గరగా చూడాలి, మధ్యలో ఇసుక రేణువు ఉన్నా కరెంటు దాటదు. గోపాల్‌పూర్ బీచికి వెళ్లొచ్చిన పిల్లలు అదే చేతులతో ఆడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తర్వాత అతుకులు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీటర్ మోసం చేసేది ఇక్కడే.

మా మేనల్లుడి లేఅవుట్‌లో, అంటే వాడు వేసుకున్న పట్టాల అమరికలో, ఒక మూల ఇంజన్ వెళ్లి ఆగిపోయేది. మీటర్ పెడితే అక్కడ 12 వోల్టులు చక్కగా చూపిస్తోంది. ఇంజన్‌ను చేత్తో ఒక జానెడు వెనక్కి తోస్తే మళ్లీ నడుస్తోంది. వాడు ఇంజన్ విప్పుదామన్నాడు. నేను బైకు బల్బు వైర్లు రెండు ఆ మూల పట్టాల మీద ఆనించాను. బల్బు వెలగలేదు, లోపలి తీగ మాత్రం నిప్పురవ్వలా ఎర్రగా మసగ్గా కనిపించింది. అతుకు దాటి ఇవతల పెడితే తెల్లగా వెలిగింది. ఆ అతుకు ఊడదీసి చూస్తే, రెండు పట్టాలను కలిపే చిన్న ఇత్తడి రేకు లోపలంతా పచ్చగా చిలుము, పూజ గదిలో తోమకుండా వదిలేసిన గంట మీద పట్టినట్టు. మీటర్‌కు వెంట్రుకవాసి కరెంటు చాలు కాబట్టి అది 12 చూపిస్తుంది. ఇంజన్‌కు నిజంగా కరెంటు కావాలి. హెచ్‌ఓ ఇంజన్ మామూలుగా పావు నుంచి అర ఆంపియర్ తీసుకుంటుంది, 5 వాట్ల బల్బు తీసుకునేదీ దాదాపు 0.4 ఆంపియర్. అందుకే బల్బు అబద్ధం చెప్పదు.

ఈ బల్బు పరీక్ష డీసీ లేఅవుట్‌లో ఇలా చేయండి:

- కంట్రోలర్ మూడొంతుల దాకా తిప్పి వదిలేయండి.
- వైర్లు కలిపిన చోట బల్బు పెట్టి వెలుగు గుర్తుపెట్టుకోండి.
- ఒక్కో అతుకు దాటుతూ బల్బు జరుపుకుంటూ వెళ్లండి.
- వెలుగు తగ్గిన అతుకు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి.

ఆ గుర్తుపెట్టిన అతుకుల రేకులు మార్చేయండి. పాతదాన్ని పట్టకారుతో నొక్కి బిగించడం కొన్నాళ్లకే పనికొస్తుంది. లేఅవుట్ శాశ్వతంగా బల్లకు బిగించినదైతే, అడుగున రెండు లావు వైర్లు చుట్టూ తిప్పి, ప్రతి మీటరుకూ ఒక జత సన్న వైర్లు పట్టాలకు సోల్డర్ చేస్తే ఇక అతుకుల గొడవే ఉండదు.

ఇక శుభ్రం. మనది సముద్రపు గాలి. బరంపురం, ఛత్రపురం వైపు ఇత్తడి పట్టాలు వానాకాలంలో చూస్తుండగానే నల్లబడతాయి, చవక సెట్ల ఇనుప పట్టాలు తుప్పు పడతాయి. నికెల్ సిల్వర్ పట్టాలు చాలా మెరుగు, వాటిని కూడా తుడవాల్సిందే. చీర ముక్కకు ఆల్కహాల్ తడి చేసి పట్టా పై అంచునూ, లోపలి అంచునూ రుద్దండి, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా. ఇత్తడి మీద చిలుము గట్టిగా పడితే ట్రాక్ క్లీనింగ్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి.

గరుకు కాగితం వద్దు. ఆ రోజుకు పట్టా తళతళలాడుతుంది, కానీ పడిన గీతల్లో మురికి ఇరుక్కుని వారం తిరిగేసరికి ఇంకా నల్లగా అవుతుంది. కిరసనాయిలు కూడా వద్దు, వెనక నూనె పొర మిగులుతుంది, దుమ్ము దానికి అంటుకుంటుంది.

## 5. 9 వోల్టుల బ్యాటరీతో తేల్చేయండి

ఇక్కడిదాకా పట్టాలు బాగున్నట్టు తేలింది. ఇప్పుడు ఇంజన్‌ను బోర్లా తిప్పి స్పాంజి మీదో మెత్తటి తువ్వాలు మడతలోనో పడుకోబెట్టండి. బ్యాటరీ క్లిప్పు వైర్లను ఒకటి ఎడమ వైపు చక్రానికి, ఒకటి కుడి వైపు చక్రానికి ఆనించండి. ఒక క్షణం చాలు.

- చక్రాలు తిరిగితే: ఇంజన్ బాగుంది. మళ్లీ నాలుగో భాగానికి వెళ్లండి, మీరు ఏదో వదిలేశారు.
- ఒక జత చక్రాల మీద తిరిగి, ఇంకో జత మీద తిరగకపోతే: పికప్ సమస్య. ఆరో భాగం.
- ఏ చక్రం మీదా చలనం లేకపోతే: విప్పాలి. ఏడో భాగం.
- మోటారు చప్పుడు వస్తూ చక్రం తిరగకపోతే: గేర్లు. తొమ్మిదో భాగం.

రబ్బరు టైరు ఉన్న చక్రం మీద వైరు పెట్టి "కరెంటు రావట్లేదు" అనుకోకండి. అది పట్టు కోసం వేసిన రబ్బరు, దాని గుండా కరెంటు రాదు.

ఆవిరి ఇంజన్లలో కొన్నింటికి కరెంటు ఒక వైపు ఇంజన్ చక్రాల నుంచి, రెండో వైపు వెనక తగిలించే టెండర్ (బొగ్గు, నీళ్ల బండి) చక్రాల నుంచి వస్తుంది. టెండర్ సరిగా తగిలించకపోతే ఇంజన్ కదలనే కదలదు. ఆ లింకు, ఆ వైర్లు ముందు చూడండి.

డీకోడర్ ఉన్న ఇంజన్‌కు ఈ పరీక్ష నమ్మకమైనది కాదు. దానికి పదో భాగం ఉంది.

## 6. చక్రాలు, పికప్ రేకులు

చక్రం పట్టా మీద ఆనే చోట నల్లటి పొర కనిపిస్తే అదే అడ్డు. టిష్యూ కాగితాన్ని ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి పట్టాల మీద పరవండి. ఇంజన్ సగం చక్రాలు కాగితం మీద, సగం వట్టి పట్టాల మీద ఉండేలా చేత్తో పట్టుకుని, సగం వేగం ఇవ్వండి. కాగితం మీద రెండు నల్ల చారలు పడతాయి. తర్వాత ఇంజన్ తిప్పి రెండో సగం. కాగితం చెమ్మగా ఉంటే చాలు, కారేంత తడి వద్దు, చక్రాల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి కదా. అసలు కదలని ఇంజన్‌కైతే ఇయర్ బడ్‌తో చక్రం చేత్తో తిప్పుతూ తుడవడమే.

తర్వాత పికప్. చక్రం వెనక వైపు సన్నటి రాగి రంగు రేకు ఒకటి వంగి ఆనుకుని ఉంటుంది. భూతద్దం ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేయండి. చక్రాన్ని పక్కలకు కదిపితే రేకు దానితోపాటు కదలాలి. రేకుకీ చక్రానికీ మధ్య సందులోంచి వెలుతురు కనిపిస్తే అదే మీ ఇంజన్ జబ్బు. చీపురు పుల్లతో రేకును చక్రం వైపు కొద్దిగా, నిజంగా కొద్దిగా, వంచండి. ఎక్కువ వంచితే బ్రేకు పట్టినట్టు అవుతుంది.

ఇక్కడే ఇంకోటి చూడండి. ఇరుసుకు వెంట్రుకలు. నేలమీద నడిపిన ఇంజన్లలో పొడవాటి తలవెంట్రుక ఒకటి ఇరుసు చుట్టూ బొంగరం తాడులా బిగుసుకుని, దానికి నూనె, దుమ్ము పట్టి నల్లటి ఉండలా ఉంటుంది. లాగొద్దు, రేకు కూడా ఊడి వస్తుంది. చిన్న కత్తెర కొనతో ఒకచోట కత్తిరించి, ట్వీజర్లతో వెనక్కి తిప్పుతూ తీయండి.

## 7. బాడీ విప్పడం

ముందు ఫోటోలు తీయండి, నాలుగు వైపుల నుంచి, అడుగు నుంచి. ప్రతి అడుగుకూ ఒక ఫోటో. వైరు ఎటు పోయిందో రేపు గుర్తుండదు.

బాడీ స్క్రూలతో ఉండొచ్చు, లేదా లోపల చిన్న కొక్కేలతో నొక్కి పట్టి ఉండొచ్చు. స్క్రూలు కనిపించకపోతే బలవంతం చేయకుండా, అడుగు అంచుల వెంట రెండు పక్కలా నాలుగు విజిటింగ్ కార్డు ముక్కలు దూర్చి మెల్లగా ఎత్తండి. కొన్నింటికి స్క్రూ ముందు కప్లర్ (పెట్టెలు తగిలించే కొక్కెం) వెనకాల దాగి ఉంటుంది. పైకి లేపేటప్పుడు జర్రున లాగకండి, లైటు వైర్లు బాడీకి అతికించి ఉండొచ్చు.

తీసిన స్క్రూలను పళ్లెంలో ఏ చోటివి ఆ చోట, కాగితం మీద ఇంజన్ బొమ్మ గీసి దాని మీద పెట్టుకోండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది లోపల మోటారుకు తగిలి షార్ట్ చేస్తుంది.

లోపల మొదట చూడాల్సింది: ఊడిన వైరు. సోల్డర్ దగ్గర వైరు విరిగి పక్కనే ఆనుకుని ఉంటుంది, కంటికి బాగానే ఉన్నట్టుంటుంది, చీపురు పుల్లతో కదిపితేనే తెలుస్తుంది. మీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి చక్రం నుంచి బోర్డు దాకా, బోర్డు నుంచి మోటారు దాకా బీప్ వస్తోందో చూడండి.

## 8. మోటారు

మోటారుకు ఉన్న రెండు రేకుల నుంచి వైర్లు విడదీసి, బ్యాటరీ నేరుగా వాటికి ఆనించండి. డీకోడర్ ఉన్న ఇంజన్‌లో మోటారు వైర్లు డీకోడర్ నుంచి పూర్తిగా వేరు చేయకుండా ఈ పని చేయనే వద్దు, బయటి కరెంటు వెనక నుంచి వెళ్లి డీకోడర్‌ను చంపేస్తుంది.

తిరిగితే మోటారు మంచిదే, తప్పు దాని ముందే ఉంది. తిరగకపోతే మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి కొలవండి. సైజును బట్టి కొన్ని ఓముల నుంచి కొన్ని పదుల ఓముల దాకా రావాలి, ఇరుసును చేత్తో తిప్పుతుంటే అంకె కాస్త మారాలి. ఏమీ చూపించకపోతే బ్రష్ ఆనట్లేదు లేదా లోపలి తీగ తెగింది. దాదాపు సున్నా అయితే లోపల కాలిపోయింది, కొత్త మోటారే గతి.

బ్రష్‌లు బయటికి తీయగలిగే రకం అయితే ఇలా చేయండి:

1. ఇంజన్‌ను, చేతులను కలిపి ఆ పాలిథిన్ కవరులో పెట్టండి. బ్రష్ మూత తీయగానే స్ప్రింగ్ ఎగురుతుంది, కవరులోనే పడుతుంది.
2. బ్రష్ అంటే చిన్న బొగ్గు ముక్క. అరిగి పొట్టిదైపోయి స్ప్రింగ్ వదులైతే మార్చాలి.
3. కమ్యుటేటర్, అంటే బ్రష్‌లు రాసుకునే గుండ్రటి రాగి భాగం, నల్లగా ఉంటే ఇయర్ బడ్‌కు ఆల్కహాల్ అద్ది తుడవండి. రాగి రంగు కనిపించాలి.
4. కమ్యుటేటర్ ముక్కల మధ్య సన్నటి గాట్లలో బొగ్గు పొడి ఇరుక్కుంటుంది, చీపురు పుల్ల కొనతో గీకి తీయండి. సూది, బ్లేడు వద్దు.
5. ఆరిపోయాకే కరెంటు ఇవ్వండి.

కమ్యుటేటర్ మీద నూనె వేయకండి. మోటారు రెండు చివర్ల బేరింగులకు సూది కొనతో చిన్న బొట్టు చాలు. పాత ఇంజన్లలో మోటారు అయస్కాంతాన్ని బయటికి తీస్తే దాని శక్తి తగ్గుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. కోర్‌లెస్ మోటారైతే విప్పే ప్రయత్నమే చేయకండి.

## 9. గేర్లు, గ్రీజు

మోటారు వేరుగా తిరుగుతోంది, బిగిస్తే ఆగిపోతోంది అంటే గేర్లలో పట్టేసింది. ఎన్నో ఏళ్లు పెట్టెలో ఉన్న ఇంజన్లలో గ్రీజు ఎండి పసుపుపచ్చగా, మైనంలా గట్టిపడుతుంది. పుల్లతో గీకి, ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కొత్తది వేయండి. ఎంత? ఆవగింజంత. గేరు పెట్టె నింపేస్తే అదంతా చక్రాల మీదకు, అక్కడి నుంచి పట్టాల మీదకు వస్తుంది.

కొబ్బరినూనె వేసి తెచ్చినవాళ్లు ఉన్నారు. దయచేసి వేయకండి. చలికాలంలో సీసాలో ఎలా పేరుకుంటుందో గేర్లలోనూ అలాగే పేరుకుంటుంది, కొరాపుట్, జయపురం చలిలో అయితే మరీనూ, కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది.

ఇంజన్ నడుస్తూ టిక్కు టిక్కుమని ప్రతి చుట్టుకూ ఒకే చోట ఎగిరితే ఇరుసు మీది గేరు పగిలింది. చక్రాల జత బయటికి తీసి, గేరును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తిప్పండి, ఇరుసు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపిస్తుంది. ఆ ప్లాస్టిక్‌కు జిగురు నిలవదు, గేరు మార్చడమే మార్గం. తిరిగి బిగించేటప్పుడు రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం హెచ్‌ఓలో సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే పాయింట్ల దగ్గర పట్టాలు తప్పుతుంది.

ఆవిరి ఇంజన్ చక్రాలు తీస్తే మాత్రం జాగ్రత్త. రెండు పక్కల రాడ్ల పిన్నులు ఒకదానికొకటి పావు చుట్టు తేడాలో ఉంటాయి. ఆ తేడా చెదిరితే ఒక చుట్టులోనే బిగుసుకుపోతుంది. తీసేముందే స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

## 10. డీసీసీ ఇంజన్ అయితే

మొదట నంబరు. కొత్త డీకోడర్ చిరునామా 3. పాతది ఎవరో మార్చి ఉండొచ్చు, ఇంజన్ వచ్చిన అట్టపెట్టె మీద ఎక్కడైనా అంకె రాసి ఉందేమో చూడండి.

- లైటు వెలుగుతుంది, నడవదు: సీవీ 19 చదవండి (సీవీ అంటే డీకోడర్‌లో నంబరు ఉన్న ఒక్కో సెట్టింగు, కంట్రోలర్‌తోనే చదవొచ్చు, మార్చొచ్చు). సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే ఆ ఇంజన్ ఇంకో ఇంజన్‌తో జత కట్టి ఉంది, తన సొంత నంబరు మీద వచ్చే వేగం వినదు. సున్నా రాయండి.
- శబ్దం ఉన్న ఇంజన్ వెంటనే కదలదు: కొన్ని స్టార్టయిన చప్పుడు పూర్తయ్యాకే కదులుతాయి. బ్రేక్ ఫంక్షన్ ఏదైనా ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి.
- డీసీ పట్టాల మీద నడవదు: సీవీ 29లో అనలాగ్ అనుమతి ఆపేసి ఉంటుంది. ఆ అంకెలో 4 కలిపి ఉంటేనే డీసీ మీద నడుస్తుంది.
- ఏదీ అర్థం కావట్లేదు: రీసెట్ చేయండి. చాలా డీకోడర్లకు సీవీ 8లో 8 రాస్తే సరిపోతుంది, కానీ కంపెనీని బట్టి మారుతుంది, డీకోడర్‌తో వచ్చిన చిన్న పుస్తకం చూసి చేయండి.

ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు మార్చడానికి విడిగా పెట్టిన పట్టా ముక్క) మీద సీవీ చదవడమే కుదరకపోతే మళ్లీ చక్రాల మురికి, పికప్ దగ్గరికే వెళ్లాలి, లేదా మోటారు వైరు ఊడింది. వైర్ల రంగులు గుర్తుంచుకోండి: ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు మోటారుకు, తెలుపు ముందు లైటుకు, పసుపు వెనక లైటుకు, నీలం లైట్లన్నింటికీ ఉమ్మడి ప్లస్. ఎరుపు, నలుపు వైర్లలో ఏది మోటారు రేకును తాకినా డీకోడర్ పోతుంది. అందుకే కొత్తది పెట్టేముందు మోటారు రేకులకూ ఇంజన్ చట్రానికీ మధ్య బీప్ రాకూడదని మీటర్‌తో నిర్ధారించుకోండి.

డీకోడరే పోయిందనిపిస్తే, ఎనిమిది పిన్నుల సాకెట్ ఉన్న ఇంజన్‌లో దాన్ని పీకేసి, దాని స్థానంలో డీసీ బ్లాంకింగ్ ప్లగ్గు (పట్టాల కరెంటును నేరుగా మోటారుకు కలిపేది) పెట్టి డీసీ మీద నడిపి చూడండి. నడిస్తే మిగతా ఇంజన్ అంతా బాగున్నట్టే. ఖాళీ సాకెట్‌తో మాత్రం ఏ ఇంజనూ నడవదు, ప్లగ్గు ఉండాలి.

## 11. తిరిగి బిగించాక, వాన మొదలయ్యేలోపు

బాడీ వేయకుండానే ఒక మీటరు పట్టా మీద ముందుకూ వెనక్కూ నడపండి. బాడీ వేశాక ఆగితే వైరు ఎక్కడో నలిగిందని అర్థం. ఆ తర్వాత గుండ్రంగా వేసిన పట్టా మీద అరగంట ఒక వైపు, అరగంట రెండో వైపు, సగం వేగంతో తిప్పండి. మధ్యలో ఆపి మోటారు మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు పెట్టలేనంత వేడి ఉంటే గేర్లు ఇంకా బిగుతుగానే ఉన్నాయి.

దాచేటప్పుడు నల్ల స్పాంజిలో చుట్టకండి, కొన్నేళ్లకు అది జిగురుగా కరిగి రంగుకు అంటుకుంటుంది. 2013లో ఫైలిన్ తుపాను తర్వాత మా ఇంట్లో అటక మీది అట్టపెట్టెలన్నీ చెమ్మపట్టాయి, అందులో ఉన్న రెండు ఇంజన్ల పికప్ రేకులు పచ్చబడ్డాయి. అప్పటి నుంచి గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, ఇంజన్‌కు ఉతికిన నూలు గుడ్డ చుట్టి పెడుతున్నాను. నెలకోసారి బయటికి తీసి పది నిమిషాలు నడపండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ పది నిమిషాలు మానకండి.

డబ్బా మూత లోపలి వైపు చిన్న కాగితం అంటించి, ఎప్పుడు శుభ్రం చేశారో, ఎక్కడ నూనె వేశారో, డీసీసీ అయితే దాని నంబరు ఎంతో రాసి పెట్టండి. నాకు ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది కూడా అదే.